కొమ్ము కుట్టని బేగు

రాయగడ,
12 జూన్ 2004.

దుర్గ వదినకు,

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, వచ్చే నెల ఒకటో తేదీన ఆఫీసువాళ్లు నాకు లాప్‌టాప్ ఇస్తున్నారు. దాన్ని పెట్టుకోవడానికి బ్యాగు మాత్రం ఇవ్వడం లేదు. ముందున్నాయన వెళ్లిపోతూ పట్టుకుపోయాడట. నాన్న చేత ఒకటి కుట్టించాలి, అది నెలాఖరులోగా నాకు చేరాలి. నువ్వు చదివి వినిపించేటప్పుడు నాన్న మిషను ఆపి వినాలని నా మాటగా చెప్పు. లేకపోతే ‘ఊఁ ఊఁ’ అంటూ కుడుతూనే ఉంటాడు.

లాప్‌టాప్ అంటే మడత పెట్టే కంప్యూటర్. అమ్మ పీట కంటే కాస్త చిన్నది, ఇటుక కంటే బరువు. ఊళ్లలో పిల్లల బరువులు, బాలింతల వివరాలు మేం ఇప్పటిదాకా కాగితాల మీద రాసుకుని రాయగడ తెచ్చేవాళ్లం. ఇకమీదట అక్కడికక్కడే ఇందులోకి ఎక్కించాలి. రెండు వారాలు కొల్నార, తర్వాత రైల్లో కోరాపుట్, అక్కణ్ణించి జయపురం మీదుగా బస్సులో కుందుర. నెలంతా తిరుగుడే. కోరాపుట్‌లో దిగినప్పుడల్లా మన సెమిలిగుడ బస్సు ఎదురుగా కనిపిస్తుంది. దాని వైపు చూడకుండా రెండో బస్సు ఎక్కుతాను.

మీ కిరాణా కొట్టు పక్కనే నాన్న లారీ సీట్లు కుట్టే షెడ్డు ఉండబట్టి సరిపోయింది. మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనేనని అందరూ మెచ్చుకుంటారు. నేను ఊరు దాటాక ఇంట్లో ఉత్తరం చదివేవాళ్లు లేకుండా పోయారని ఎవరూ అనుకోరు. నువ్వే లేకపోతే నేను ఎవరికి రాసినట్టు?

లారీ సీటుకి వేసే గట్టి రెగ్జిన్‌తోనే కుట్టమను. అందంగా ఉండక్కర్లేదు.

నీ
సుజన


సెమిలిగుడ,
18 జూన్ 2004.

సుజనా అమ్మీ,

మిషను ఆపించాను. ఆపడమే కాదు, డ్రైవర్లు ఇద్దర్ని బెంచీ మీంచి లేపి నన్ను కూర్చోబెట్టి, ‘సదువమ్మా, మా అమ్మి ఏటి రాసిందో అందరూ ఇనాల’ అన్నాడు మీ నాన్న. పీట కంటే చిన్నది అని చదివితే మీ అమ్మ లోపలికెళ్లి పీట తెచ్చింది. మీ నాన్న దాన్ని జానతో కొలిచాడు.

ఇక్కణ్ణించి ఆయన మాటలే. తన మాట ఒక్కటి కూడా మార్చొద్దని ఒట్టు వేయించుకున్నాడు:

‘అమ్మీ, బేగు కుట్టడం పెద్ద పనేటి కాదు. లోపల ఏటేటి పెడతావో ముందు సెప్పు. సామాను తెలీకుండా కుట్టింది సంచీ అవుద్ది గాని బేగు అవదు. ఏది రోజూ తీస్తావు, ఏది వారానికోపాలి తీస్తావు, ఏది తడవకూడదు, ఏది ఇరిగిపోద్ది, అన్నీ రాయి. నువ్వు రాసిన రోజు మొదలెట్టి, బేగు బేగి కుట్టీసి పంపుతాను.’

‘బేగు బేగి’ అని రాస్తూ నాకు నవ్వాగలేదు. ‘మామయ్యా, బేగు అంటే సంచీ, బేగి అంటే తొందరగా. రెండూ పక్కపక్కన రాస్తే చదివేవాళ్లు తికమక పడతారు’ అన్నాను. ‘మా అమ్మికి తికమకేటి! బీయే సదివింది’ అన్నాడు. పెళ్లయి పార్వతీపురం నుంచి వచ్చి మూడేళ్లయినా నా ఒడియా ‘కేతే, కేతే’ అని ధర అడగడం దగ్గరే ఆగిపోయింది. ఇక్కడ నాతో తెలుగులో ఇంతసేపు మాట్లాడేది మామయ్య ఒక్కడే.

అమ్మ మాట కూడా రాయమంది: ‘నాను కాపరానికొచ్చి ఇరవయ్యారేళ్లు. నాకు కూరల సంచీ ఒకటి కుట్టమంటే రేపు, ఎల్లుండి అన్నాడు. కూతురికైతే అరలెన్ని కావాలో అడుగుతున్నాడు.’

జవాబు వెంటనే రాయి.

దుర్గ


రాయగడ,
24 జూన్ 2004.

వదినా,

నాన్నకి ఇది నెమ్మదిగా చదువు.

అన్నిటికంటే వెనక, నా వీపుకి ఆనేటట్టు లాప్‌టాప్. దెబ్బ తగలకూడదు, తడవకూడదు. దాని చార్జరు ఇంకో అరలో ఉండాలి. మధ్యలో నల్ల ఇటుకలాంటి ముక్క ఉంటుంది, వేడెక్కుతుంది. కొల్నార సెంటర్‌లో రెండు కాళ్ల ప్లగ్గే పడుతుంది, కుందురలో మూడు కాళ్లది. కాబట్టి మార్చుకునే బిళ్ల ఒకటి ఎప్పుడూ పైన చేతికందాలి. పెన్‌డ్రైవ్ అని చిటికెన వేలంత ఉంటుంది, నెల పనంతా అందులో దాస్తాం. అది పోతే నా ఉద్యోగం పోయినట్టే. దానికి తాడు కట్టడానికి లోపల రింగు కావాలి. లాప్‌టాప్ ఆఫీసుదేనని రాసిన కాగితం ఒకటి. అది లేకపోతే రైల్లో పోలీసులు ‘ఇది నీదేనా?’ అని అడుగుతారట. నన్ను చూస్తే అడగకుండా ఉండరు.

ఇంకా సర్వే ఫారాలు, టార్చి, మలేరియా మాత్రలు, రాత్రి ఉండిపోతే కట్టుకోవడానికి చుట్టచుట్టిన ఒక జత బట్టలు, తువ్వాలు, సబ్బు. అటుకుల పొట్లం. నీళ్ల సీసా మాత్రం బయట ఉండాలి, లోపల వద్దే వద్దు. గొడుగు పక్కన.

ఇదంతా రాసి చూసుకుంటే కాపురానికి వెళ్తున్నట్టుంది. నిజానికి నా ఇల్లు అదే ఇకమీదట. మూడు చోట్ల మూడు మంచాలు, ఏదీ నాది కాదు. నాతో పాటు వచ్చేది ఆ బ్యాగు ఒక్కటే.

సుజన


సెమిలిగుడ,
2 జులై 2004.

సుజనా అమ్మీ,

ఈ ఉత్తరం బ్యాగులోనే పెట్టి పంపుతున్నాం. రాయగడ బస్సు కండక్టరు మామయ్యకి తెలిసినవాడే. ఒక్కరోజు ఆలస్యమైంది, కోప్పడకు.

నువ్వు రాసినవన్నీ ఎక్కడ పెట్టాలో ఆయన చెప్పమన్నాడు. వెనక అరకి లోపల పాత కంబళి రెండు మడతలు వేశాడు. చార్జరు అడుగున, ఎందుకంటే ‘బరువు కింద ఉంటే బేగు నడుస్తూ తూగదు’ అట. రింగు పైనుంచి రెండో అరలో, ఎర్ర గుడ్డ ముక్క కుట్టిన చోట. ఫారాలకి సన్నని అర. బట్టలు ముందు భాగంలో పెట్టుకోవాలి. దెబ్బ తగిలితే ముందు బట్టలకే తగలాలట. భుజం పట్టీ లారీవాళ్లు సరుకు కట్టే పట్టీ, జీవితంలో తెగదు.

లోపల జిప్పు వెనకాల చిన్న అర ఒకటి ఉంది చూడు. అది నీ జాబితాలో దేనికీ కాదు. ‘ఇదేటి మామయ్యా’ అంటే, ‘ఇందులో ఏటీ పెట్టొద్దని రాయి. ఒక అర కాళీగా ఉండాల. దారిలో ఏదొస్తాదో మనకి తెల్దు కదా’ అన్నాడు.

ఇంకో సంగతి. పైన మూత మీద ఎర్ర దారంతో ‘స’ అని ఉంటుంది. అది ‘సు’. నా చేత కాగితం మీద నీ పేరులో మొదటి అక్షరం రాయించుకుని, దబ్బనంతో మూడు రోజులు కుట్టాడు. రెండుసార్లు విప్పాడు. కొమ్ము దగ్గరికి వచ్చేసరికి ఎర్ర దారం అయిపోయింది. సాలూరు నుంచి తెప్పించాలి. ఈలోగా బస్సు వచ్చేసింది. ‘నల్ల దారంతో వేసేయ్’ అంది అమ్మ. ‘నా కూతురి పేరుకి తోక నల్లగేటి, తల ఎర్రగేటి! బేగు ఈసారి తెచ్చినప్పుడు కుడతాను’ అన్నాడు. ఆయన రాసిన అక్షరం ఇది ఒక్కటేనట. నీ హాస్టలు కాగితాల మీద కూడా వేలిముద్రేగా.

దుర్గ


రాయగడ,
29 ఆగస్టు 2004.

వదినా,

నాన్నకి చెప్పు, నిన్న కొల్నార దగ్గర వాగు దాటుతుంటే జారి పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. లాప్‌టాప్‌కి ఏమీ కాలేదు. దెబ్బ ముందు బట్టలకే తగిలింది, ఆయన చెప్పినట్టే.

అక్కడి సెంటర్‌లో కుంతి అని ఆరోగ్య కార్యకర్త ఉంది. నలభై ఏళ్లుంటాయి, నవ్వితే ఊరంతా వినపడుతుంది. నేను బ్యాగులోంచి ఒక్కొక్కటీ తీస్తుంటే ఆడవాళ్లందరినీ పిలిచి కూర్చోబెట్టింది. ‘మేడమ్, ఇంక పొయ్యి కూడా తీయండి, అన్నం వండుకుందాం’ అంది. టార్చి చూసి ఒకావిడ, ‘పెళ్లికొడుకు ఏ అరలో ఉన్నాడు?’ అని అడిగింది. ఆ ఖాళీ అర చూపించాను. ‘ఇంకా పట్టలేదన్నమాట’ అని ఒకటే గోల.

నేర్చుకున్నది ఏమిటంటే, అటుకుల కంటే వేయించిన శనగలు మేలు, పొడి రాలదు. సబ్బు వద్దు, ముక్క చాలు. ఫారాల మీద చుట్టడానికి పాలిథీన్ కవరు రెండు. సూదీ దారం ఎప్పుడూ ఉండాలి. ఇది నాన్న ముందే చెప్పాల్సింది, ఎందుకు చెప్పలేదో అడుగు.

దీపావళికి వస్తాను కానీ బ్యాగు రాదు. సెలవుల్లో లాప్‌టాప్‌ని బ్యాగుతో సహా ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేయాలి. ఆ రూలు గట్టిది. కొమ్ము అలాగే ఉండనీ. ఆఫీసులో నన్ను ‘స మేడమ్’ అంటున్నారు.

సుజన


సెమిలిగుడ,
16 డిసెంబర్ 2004.

సుజనా అమ్మీ,

ఆలస్యంగా రాస్తున్నాను. అందరూ బాగున్నారు. ‘బాగున్నానని రాయి’ అని మామయ్య రెండుసార్లు చెప్పాడు, అందుకని రెండుసార్లు రాస్తున్నాను. బాగున్నాడు.

షెడ్డు ఈమధ్య పదింటికి తెరుస్తున్నాడు. చలి కదా. పెద్ద లారీ సీట్లు పక్క షెడ్డువాళ్లకి ఇచ్చేసి చిన్నవి మాత్రం చేస్తున్నాడు. నువ్వు దీపావళికి వచ్చినప్పుడు ‘నాన్న చిక్కాడేం?’ అన్నావు. మనిషికి వయసు మీదపడితే అంతే అని నేనన్నాను. గుర్తుంటే ఉండనీ.

ఎర్ర దారం వచ్చింది. సాలూరు లారీవాడు తెచ్చి ఇచ్చాడు. ఉండ మొత్తం రేకు డబ్బాలో పెట్టుకున్నాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. రోజూ అడుగుతున్నాడు, ‘అమ్మి బేగు ఎప్పుడు తెస్తాది?’ అని. ‘ఆపీసోళ్లని అడిగి ఒక్కపాలి తెమ్మను. కొమ్ము కుట్టడానికి అరగంట సాలు’ అన్నాడు.

నువ్వు వీలు చూసుకుని రా. నేను ఇంతకంటే రాయను.

దుర్గ


రాయగడ,
1 ఫిబ్రవరి 2005.

వదినా,

మంచి వార్త. ఏడో తేదీ సోమవారం నుంచి పదో తేదీ గురువారం దాకా కుందురలో మాకు శిక్షణ. నాలుగు రోజులూ పూర్తిగా ఉన్నవాళ్లనే పర్మనెంట్‌కి తీసుకుంటారు. ఒక్కపూట లేకపోయినా పేరు కొట్టేస్తారట. ఆ తర్వాత నాలుగు రోజులు సెలవు దొరికింది. పెద్దసార్‌ని బతిమాలుకుని బ్యాగు తెచ్చుకోవడానికి అనుమతి కూడా తీసుకున్నాను. శుక్రవారం పొద్దున్న నాన్న ముందు బ్యాగు పెడతాను, దారం ఎక్కించి ఉంచమను.

అవసరమైతే రాయగడ ఆఫీసుకి ఫోన్ చెయ్యి, నంబరు కింద రాశాను. హరీష్ గారు ఎత్తుతారు. పాట్నా వైపు మనిషి, కొత్తగా వచ్చారు, మంచివారు. ఆయనకి హిందీ తప్ప రాదు. ఆయన కుందురకి కబురు పెడతారు.

నాన్నకి ఏమీ లేదు కదా? నీ కిందటి ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఏదో వదిలేసి రాసినట్టుంది.

సుజన


సెమిలిగుడ,
13 మార్చి 2005.

సుజనా,

నువ్వు వెళ్లి పదహారు రోజులైంది. మామయ్య పోయి నెల దాటింది. నీ నుంచి ఒక్క ముక్క రాలేదు. అమ్మ రోజూ మా కొట్టు మెట్ల మీద కూర్చుంటుంది, పోస్టు వచ్చే వేళకి.

నీకు చెప్పాల్సిన దానిలో సగం ఇప్పుడు చెబుతాను. ఆయాసం దసరా నుంచే ఉంది. కోరాపుట్ పెద్దాసుపత్రిలో గుండె బలహీనమన్నారు. నీకు రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ‘అమ్మి ఉజ్జోగం గట్టిపడేదాకా సెప్పకు. సెప్తే ఒచ్చీస్తాది. ఒచ్చీస్తే పోద్ది’ అన్నాడు. డిసెంబరు ఉత్తరం అలా రాశాను. తప్పే.

ఎనిమిదో తేదీ మంగళవారం పొద్దున్న షెడ్డులోనే కూలబడిపోయాడు. అప్పుడు తనే అన్నాడు, ‘ఇంక అమ్మిని రమ్మను’ అని. పది గంటలకి నేను రాయగడ ఫోన్ చేశాను. బుధవారం సాయంత్రం నాలుగింటి దాకా ఉన్నాడు. గురువారం పొద్దున్న పది దాకా ఉంచాం. మీ సన్యాసయ్య చిన్నాన్న ఇంక ఆగకూడదన్నాడు. నువ్వు మర్నాడు పొద్దున్న పదకొండింటికి భుజాన బ్యాగుతో నవ్వుతూ బస్సు దిగావు. ఆ నవ్వు చూసి నేను కొట్టు లోపలికి పారిపోయాను.

అమ్మ వచ్చినవాళ్లందరికీ ఒకటే చెబుతోంది: ‘ఆ ఆపీసోడు కబురు సెప్పలేదు. సెప్పుంటే నా కూతురు కొండలు దూకైనా ఒచ్చీసును.’

కబురు ఎప్పుడు అందింది నీకు? అడుగుతున్నానని కోపం తెచ్చుకోకు.

దుర్గ


రాయగడ,
20 మార్చి 2005.

వదినా,

కబురు అందలేదు.

నన్ను పర్మనెంట్ చేశారు. అమ్మకి చెప్పు. వచ్చే నెల నుంచి మనియార్డరు పంపుతాను. ఇంటికి రావడానికి ఇప్పట్లో వీలుపడదు, పని ఎక్కువగా ఉంది.

సుజన


సెమిలిగుడ,
7 ఆగస్టు 2005.

సుజనా అమ్మీ,

ఐదు నెలలుగా నువ్వు పంపేది మనియార్డరే. ఆ ఫారం కింద రెండు మాటలు రాసే చోటు ఉంటుంది. అదీ ఖాళీ. అమ్మ ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, ‘ఏటీ రాయలేదేటి?’ అని నన్ను అడుగుతుంది. ‘కుశలమే అని రాసింది’ అని నేను అబద్ధం చదువుతున్నాను.

మొన్న హరీష్ గారు జీపులో వచ్చారు. ఏదో పని మీద విశాఖపట్నం వెళ్తూ, పరామర్శించడానికి ఆగారట. చేతిలో ఆపిల్ పళ్లు. ఆయన ఎవరో తెలిసిన మరుక్షణం అమ్మ తలుపు వేసేసింది. లోపల్నుంచి ఎన్ని మాటలు అందో! ఆయనకి తెలుగు రాకపోవడం మంచిదైంది. పావుగంట నిలబడి, పళ్లు మా కొట్టులో పెట్టి, ‘నేనేం చేశాను?’ అని హిందీలో నన్ను అడిగారు. ఆయన వెళ్లాక కాగితం తీసుకుని కూర్చున్నాను. మిగిలిన సగం ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు ఫోన్‌లో నాకు హిందీ రాలేదు. ‘సుజనా కా నాన్న’ అన్నాను. తర్వాత ఏం చెప్పాలో తెలియక, ‘బేగి రమ్మనండి, బేగి’ అని అరిచాను. ఆయన ‘బ్యాగ్?’ అన్నారు. నాకు ఆయన అర్థం చేసుకున్నారనిపించింది. ‘హా, హా, బేగి, బేగి!’ అన్నాను. ‘బ్యాగ్ లానా హై?’ అని మళ్లీ అడిగారు, బ్యాగు తేవాలా అని. దానికీ హా అన్నాను అమ్మీ. మూడుసార్లు హా అన్నాను. పెట్టేశాక కూడా తెలియలేదు. ఆ మధ్యాహ్నం మామయ్య ‘కబురెట్టేవా?’ అంటే, ‘బేగి రమ్మని చెప్పాను’ అన్నప్పుడు, నా నోటి మాట నేనే విన్నప్పుడు, ఆయన బ్యాగ్ అని ఎందుకు అడిగారో తెలిసింది. మళ్లీ ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. బుధవారం నాలుగుసార్లు చేశాను. లైను కలవలేదు.

పెళ్లయి ఇక్కడికి వచ్చి మూడు నాలుగేళ్లలో ఇంకో భాషలో నాలుగు మాటలు నేర్చుకోలేకపోయాను. మామయ్య ఉత్తరం రాస్తూ ఆ రెండు మాటలకి పడీపడీ నవ్వింది నేనే. ఈ సంగతి అమ్మకి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఎర్ర దారం ఉండ అమ్మ దగ్గరుంది. బ్యాగు పంపిస్తే ఆ కొమ్ము నేను కుడతాను. కనీసం అదైనా చేయనీ.

దుర్గ


రాయగడ,
8 జనవరి 2006.

దుర్గ వదినా,

నీ ఉత్తరానికి ఐదు నెలలు జవాబు రాయలేదు. ఇప్పుడు రాయక తప్పదు. నాన్న సంవత్సరీకం తిథి ఈసారి జనవరి ముప్పైన వచ్చింది. ఆ రోజు అమ్మ పక్కన కూర్చునేముందు అమ్మకి తెలియాల్సింది ఒకటి ఉంది. ఈ ఉత్తరం నీ ఒక్కదానికి కాదు. అమ్మకి చదివి వినిపించు. నెమ్మదిగా చదువు, ఒక్క మాట మార్చకు. నాన్న నీ చేత వేయించుకున్నట్టు నేనూ ఒట్టు వేయించుకుంటున్నాను.

అమ్మా, కబురు నాకు అందింది.

మంగళవారం సాయంత్రం శిక్షణలో భాగంగా ఊళ్లు తిరిగి కుందుర సెంటర్‌కి వచ్చేసరికి నా బల్ల మీద చీటీ ఉంది. ‘ఇంటి నుంచి ఫోన్. తండ్రి. బ్యాగు తేవాలట.’ హరీష్ గారు విన్నది విన్నట్టే చెప్పారు, అక్కడి గుమస్తా రాశాడు. ఆయన తప్పు ఏమీ లేదు. దుర్గ వదిన తప్పు కూడా లేదు. వదిన చెప్పిన మాట నువ్వు చెప్పినా అదే. మనందరం చెప్పే మాటే.

ఆ చీటీ చదివి నేను నవ్వాను. శుక్రవారం తెస్తానని రాశాను కదా, ఈ మనిషికి మూడు రోజులు ఆగబుద్ధి కాలేదా, కొమ్ము కోసం ట్రంకాల్ చేయించాడా అనుకున్నాను. పక్కనున్నవాళ్లకి చూపించాను. ‘మా నాన్నకి నా కంటే బ్యాగు మీద ప్రేమ ఎక్కువ’ అన్నాను. వాళ్లూ నవ్వారు.

తర్వాత పడుకున్నప్పుడు ఒక్కసారి అనిపించింది. మా నాన్న బ్యాగు అనడు, బేగు అంటాడు. బేగు కోసం ఎవరూ పని మానుకుని ఫోన్ చేయరు. బేగి కోసం చేస్తారు. అమ్మా, ఆ మాట నా మనసులోకి వచ్చింది. నిజంగా వచ్చింది. వదిన డిసెంబరు ఉత్తరం కూడా గుర్తొచ్చింది. లేచి కూర్చున్నాను. పొద్దున్న ఆరింటికి జయపురం బస్సు ఉంది. ఎక్కితే పదకొండుకి మన షెడ్డు ముందు దిగేదాన్ని. నాన్న సాయంత్రం నాలుగు దాకా ఉన్నాడు. ఐదు గంటలు.

ఎక్కలేదు. రెండు రోజుల హాజరు మిగిలి ఉంది. ఒక్క అక్షరం మీద ఉద్యోగం వదులుకుంటానా, అనుమానం కాకపోతే ఏంటి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కనీసం ఫోన్ చేసి అడగొచ్చు. బూత్ బస్టాండు దగ్గరే ఉంది. అడిగితే నిజం తెలుస్తుందని భయపడి అడగలేదేమో. ఇది ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తేలలేదు. ‘మా అమ్మికి తికమకేటి, బీయే సదివింది’ అన్నాడట నాన్న. నాకు తికమక లేదమ్మా. నేను సరిగ్గానే చదివాను. చదివి పక్కన పెట్టాను.

ఆ చీటీ బ్యాగులో ఖాళీ అరలో పెట్టాను, శుక్రవారం నాన్నకి చూపించి ఏడిపించాలని. దారిలో ఏదొస్తాదో తెలీదని ఆయన వదిలిన అర అది. ఇప్పటికీ అందులోనే ఉంది. రోజూ చార్జరు తీస్తాను, ఫారాలు తీస్తాను, ప్లగ్గు బిళ్ల తీస్తాను. ఆ జిప్పు మాత్రం తీయను.

ఏడాదిగా నువ్వు ఊరందరికీ నా తరఫున మాట్లాడుతున్నావు. కొండలు దూకైనా వచ్చేదాన్నంటున్నావు. దూకడానికి కొండలు లేవమ్మా, బస్సు ఉంది. హరీష్ గారికి నిన్న ఈ సంగతంతా చెప్పాను. ఆయన, ‘మీ అమ్మగారికి నా మీద కోపం ఉంటే ఉండనీ, మీ మీద ఉండటం కంటే మంచిదే కదా’ అన్నారు. అలా కుదరదని చెప్పాను.

వదినా, కొమ్ము నువ్వు కుట్టొద్దు. ఎవరూ కుట్టొద్దు. అది అలాగే ‘స’గా ఉండనీ.

అమ్మ ఇదంతా విన్నాక ఏమంటే అది రాయి. నన్ను రావొద్దంటే ఆ మాటే రాయి, మెత్తబరచకు. ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్లిపోతే, వెళ్లిపోయిందని రాయి. రమ్మంటే ఎక్కువ రాయనక్కర్లేదు. తొందరగా అనడానికి నాన్న వాడే మాటొక్కటి చాలు. ఈసారి ఫోన్ చేయకు, హరీష్ గారి చేత చెప్పించకు. నీ చేత్తో, తెలుగులో, కార్డు మీద రాయి. ఇరవై తొమ్మిది ఆదివారం పొద్దున్న రైలుకి నేను బయల్దేరాలి. కాబట్టి ఇరవై అయిదో తేదీ బుధవారం లోగా ఆ కార్డు నాకు అందేటట్టు చూడు.

సుజన